గొంతు కింద గొంతు

నమోదు 1

ఈ రోజు మా సంచాలకులు ప్రాణేశ్వర్ గారిని నేను దద్దమ్మ అన్నాను. ఆయన నా తల నిమిరి, "ఎంత మంచి మాటన్నావు తల్లీ" అన్నారు.

ఆయనకి వినిపించింది వేరు. నా మెడకి ఒక పట్టీ కట్టి ఉంటుంది. అది నా నోట్లోంచి వచ్చే ముద్దమాటల్ని అందుకుని, శుభ్రంగా కడిగి, వార్తలు చదివే అమ్మాయి గొంతుతో బయటికి వినిపిస్తుంది. దాని పేరు తోడు. ఆ పేరు పెట్టినవాడికి జీవితంలో ఎన్నడూ తోడు దొరికి ఉండదని నా అనుమానం. పోయిన వారం దాకా అది నేనన్నది అన్నట్టు చెప్పేది. ఈ వారం దానికి పైనుంచి ఏదో కొత్త పాఠం నేర్పారు. ఇప్పుడు నేనన్నది మానేసి, నేను ఏమని ఉంటే బాగుండేదో అది చెబుతోంది.

"దద్దమ్మా, ఓడ మీద బడి పెట్టావు, ర్యాంపు పెట్టడం మర్చిపోయావు" అన్నాను నేను.

"సార్, ఓడ మీద బడి పెట్టిన మీ మేలు మేం మర్చిపోలేం" అంది తోడు.

నా పేరు గుబ్బల వీరవేణి. ఇరవై నాలుగేళ్ళు. పుట్టేటప్పుడు మెదడుకి ఊపిరి అందలేదు. అప్పటినుంచి నా చేతులు, కాళ్ళు, తల, నాలుక నేను చెప్పినదాంట్లో సగమే వింటాయి. నటన నేర్పే మా భ్రమరాంబ మేడం ప్రతి నటీ దినచర్య రాయాల్సిందేనని హుకుం జారీ చేశారు. అందుకని పలక మీద ఎడమచేతి చూపుడువేలితో ఒక్కో అక్షరం పొడుస్తున్నాను. నా వేలి మీద తోడుకి అధికారం లేదు. కాబట్టి ఇక్కడ దొరికేది అచ్చంగా నా నోటిదురుసు.

నమోదు 2

ఉప్పు గీకే రోజు. ఓడ పైకప్పు మీది ఎండపలకల మీద రాత్రికి రాత్రి ఉప్పు పేరుకుంటుంది. గీకకపోతే మధ్యాహ్నానికి పంకాలు ఆగిపోతాయి. మా ముత్తాతల వరిచేల మీద సముద్రం వచ్చి కూర్చుంది, ఆ సముద్రం మీద ఈ ఓడ వచ్చి కూర్చుంది, ఓడలో మేం కూర్చున్నాం. ఆటు వచ్చినప్పుడు చుట్టూ కొబ్బరి మోళ్ళు పైకి లేస్తాయి.

మాలాంటి వాళ్ళని ఇప్పుడు విశేషులు అనాలి. వెనక ఇంకేదో అనేవారట, అంతకు ముందు మరేదో. పేరు మారుతూ వస్తోంది, మెట్లు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. కుంటివాళ్ళకీ గుడ్డివాళ్ళకీ నాటకాల బడి పెట్టాలనుకున్న మహానుభావుడు, భూప్రపంచంలో మెట్లు తప్ప మరేమీ లేని కట్టడం కోసం ఎంత వెతికి ఉంటాడో!

నేను పైకప్పుకి నాలుగు కాళ్ళ మీద ఎక్కుతాను. వెనకాల సూరిబాబు వస్తాడు, నేను జారితే పట్టుకోవడానికి. వాడు నాకంటే మూడేళ్ళు పెద్ద. పుట్టుకతోనే వాడి ఒంట్లో ఒక క్రోమోజోము ఎక్కువ. "ఎక్కువ ఉన్నోణ్ణి పట్టుకుని తక్కువోడంటారేంటర్రా వీళ్ళు?" అంటాడు ఎలీషా. ఎలీషాకి చిన్నప్పుడే చూపు పోయింది. పాడతాడు, డప్పు వాయిస్తాడు, ఓడలో ఎవరు ఎక్కడ నడుస్తున్నారో అడుగుల చప్పుడు విని చెబుతాడు.

వాళ్ళిద్దరికీ కూడా తోడు ఉంది. ఎలీషాకి నడుముకి కడతారు. స్టేజీ మీద వాణ్ణి ఎటు తిప్పాలనుకుంటే అటు తిప్పుతుంది. సూరిబాబుకి చెవిలో పెడతారు. డైలాగు అందిస్తుంది. వాడు దాంతో పైకే మాట్లాడతాడు. "ఉండవే, చెప్తన్నాగా" అని కసురుతాడు.

ఈ బడిలో వాడు మూడేళ్ళుగా చెట్టు వేషం వేస్తున్నాడు. ఏ నాటకమైనా వాడు చెట్టే. ఊరి నాటకంలో చెట్టు, అడవి నాటకంలో చెట్టు. కోర్టు నాటకంలో కూడా కిటికీ అవతల చెట్టు.

నమోదు 4

మా బడి పండగ రోజుకి నాటకం ఖాయమైంది. తీర నగరాల నిర్వాహక మండలి మొత్తం వచ్చి చూస్తుందట. ప్రాణేశ్వర్ గారు స్వయంగా రాశారు. పేరు 'వెలుగు బాట.' ఒక మాటరాని అమ్మాయి, ఒక చూపులేని అబ్బాయి చీకట్లో కూర్చుని ఏడుస్తూ ఉంటారు.

"నాకు చీకటైతే ఏంటండీ, వెలుగైతే ఏంటండీ?" అని ఎలీషా అడిగాడు.

"అది ప్రతీక బాబూ" అన్నారు ప్రాణేశ్వర్ గారు.

తర్వాత పడవలో తోడు వస్తుంది. అమ్మాయి గలగలా మాట్లాడుతుంది. అబ్బాయి గిర్రున తిరుగుతూ నాట్యం చేస్తాడు. చివర ఇద్దరూ ప్రేక్షకులకి చేతులు జోడించి తలలు వంచాలి. మమ్మల్ని గురించి ఎవరు నాటకం రాసినా చివర చేతులు జోడించేది మేమే. ఎందుకు జోడించాలో మాత్రం ఒక్కడూ రాయడు.

సూరిబాబు చెట్టు. అయితే ఈసారి భ్రమరాంబ మేడం మంకుపట్టు పట్టారు. ఆవిడది పడవల మీద ఊరూరా తిరిగి నాటకాలాడిన కుటుంబం. అరవై దాటినా గొంతు ఓడ ఈ చివర్నుంచి ఆ చివరికి వినిపిస్తుంది. "వాడికో డైలాగివ్వండి, లేదా మీరే వచ్చి నేర్పించుకోండి" అని ప్రాణేశ్వర్ గారికి చెప్పేశారు.

ఇచ్చారు. "అదిగో పడవ!" అంతే. ఆ రెండు మాటల కోసం సూరిబాబు రోజంతా ఓడ అంచున నిలబడి, వచ్చిన ప్రతి పడవకీ "అదిగో పడవ!" అని చెప్పాడు. కూరగాయలు తెచ్చేవాడు భయపడి పడవ వెనక్కి తిప్పాడు.

నమోదు 5

ప్రాణేశ్వర్ గారు రిహార్సల్ చూడటానికి వచ్చారు.

సూరిబాబు వంతు వచ్చింది. చెవిలో తోడు "అదిగో పడవ" అని అందించి ఉంటుంది. వాడు చెప్పలేదు. కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టుకుని దూరంగా చూశాడు. లేదనుకున్నట్టు తల ఆడించాడు. మళ్ళీ చూశాడు. మెడ సాచాడు. వాడి ముఖం మెల్లమెల్లగా విచ్చుకుంది. అక్కడ గోడ తప్ప ఏమీ లేదని తెలిసి కూడా నేను వెనక్కి తిరిగి చూశాను.

"అదిగో... పడవ" అన్నాడు.

"చాలా ఆలస్యం" అన్నారు ప్రాణేశ్వర్ గారు.

"ఆలస్యం కాదండీ" అన్నారు మేడం. "వాడు పడవ కనపడే దాకా ఆగాడు. దాన్నే నటన అంటారు. మీ తోడుకి అది రాదు, పడవ కనపడకుండానే కూస్తుంది."

"అమ్మా, పెద్దలు ఎదురుగా కూర్చుని ఉంటారు. మన పిల్లలు తడబడుతున్నారని వాళ్ళకి అనిపించకూడదు."

పిల్లలట! సూరిబాబుకి ఇరవై ఏడు. గడ్డం గీసుకుంటాడు.

సాయంత్రానికి ఉత్తర్వు వచ్చింది. చెట్టూ డైలాగూ రెండూ ఉంటాయి, సూరిబాబు ఉండడు. వాడి రూపాన్ని వెలుగుబొమ్మగా చేసి స్టేజీ మీద నిలబెడతారు. ఆ బొమ్మ సరిగ్గా సమయానికి "అదిగో పడవ" అంటుంది. అసలు సూరిబాబు కొత్త బట్టలు కట్టుకుని ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టాలి.

సూరిబాబు అంతా విన్నాడు. "నేను సూత్తా ఉంటే నేను ఆడతానా?" అని అడిగాడు. వాడు వెళ్ళి సముద్రపు నీరు తోడే గొట్టానికి అడ్డం పడ్డ జెల్లీ చేపల్ని ఏరడం మొదలుపెట్టాడు. అది ఈ రోజు వాడి పని కాదు.

నమోదు 6

పండగ రోజు ఇంకొకటి కూడా జరగబోతోందని ఎలీషా తెలుసుకొచ్చాడు. నాటకం బాగుంటే మండలి అక్కడికక్కడే సౌకర్య ఉత్తర్వు మీద ముద్ర వేస్తుంది. అప్పటినుంచి విశేషులు స్టేజీ మీదా, పనిచేసే చోటా, ఆస్పత్రిలోనూ, న్యాయస్థానంలోనూ తోడు ద్వారానే మాట్లాడాలి, మెలగాలి. తోడు చెప్పిందే వాళ్ళు చెప్పినట్టు లెక్క.

రేపు నాకు కడుపులో పుండు పడి "చచ్చిపోతున్నానయ్యా" అంటే, అది డాక్టరుకి "మీ దయవల్ల కులాసా" అని చెబుతుంది. వాడు నా చెయ్యి ఊపి ఇంటికి పంపిస్తాడు.

ఉత్తర్వుకి ముందు మాలో కొందరి అంగీకారం తీసుకోవాలి. అందులో నేనొకదాన్ని. నాకు చెప్పలేనంత సంతోషం వేసింది. వెళ్ళి కాదంటాను. రాసి ఇస్తానని పలక మీద చూపించి అడిగాను, కుదరదన్నారు. రాతని ఎవరూ నమ్మని రోజులివి. ఏ యంత్రమైనా ఎవరి పేరుతోనైనా ఏదైనా రాసేస్తుంది. అందుకని సాక్ష్యమంటే గొంతే.

"నా గొంతే కావాలా?" అని అడిగాను.

"తప్పకుండా, మీకెలా వీలైతే అలా" అంది తోడు. ఆ మాట నేను వాళ్ళని అడిగిన ప్రశ్న అని వాళ్ళకి ఎప్పటికీ తెలియదు.

నమోదు 7

అంగీకారం అయిపోయింది. నేను ఒప్పుకున్నానట.

గదిలో ప్రాణేశ్వర్ గారు, మండలి పంపిన అధికారి ఉన్నారు, గొంతులు పట్టే డబ్బా ఉంది. ఎలీషా తన వంతు కోసం గుమ్మం పక్కన కూర్చున్నాడు. పట్టీ తీసేసి మాట్లాడతానని సైగ చేశాను. అధికారి నవ్వి, పట్టీ లేకపోతే మాట స్పష్టంగా నమోదు కాదన్నాడు.

పట్టీకి తాళం లేదు. మెడ వెనక చిన్న కొక్కెం, అంతే. దాన్ని విప్పడానికి వణకని రెండు చేతులు కావాలి. ఆ రెండూ నాకుంటే పట్టీతో పని ఏముంది?

"మీ బదులు తోడు మాట్లాడటానికి మీకు సమ్మతమేనా?" అని అడిగాడు.

"లేదు" అన్నాను.

"సమ్మతమే" అంది తోడు.

"లేదు! లేదు! ఒప్పుకోను! ఇది అబద్ధం చెబుతోంది!"

"సమ్మతమే. మనస్ఫూర్తిగా ఒప్పుకుంటున్నాను. ఇది మాకు వరం."

అడ్డంగా తల ఊపాను. నా తల ఎప్పుడూ ఊగుతూనే ఉంటుంది. అది కాదనడమో, ఔననడమో, ఈగని తోలడమో వాళ్ళకేం తెలుస్తుంది? బల్ల మీద చేత్తో కొట్టాను. "ఆవేశపడుతోంది పాపం, సంతోషంతో" అన్నారు ప్రాణేశ్వర్ గారు. అధికారి కళ్ళు తుడుచుకున్నాడు. ఆ కన్నీళ్ళని పొడిచి చంపాలనిపించింది.

గుమ్మం దగ్గర్నుంచి ఎలీషా లేచాడు. "అయ్యా, ఆగండాగండి. ఆవిడ గొంతు కింద 'లేదు' అంటంది. పైన ఇంకోటి 'సమ్మతం' అంటంది. రెండు గొంతులండీ. నాకు రెండూ వినపడతన్నాయి."

"బాబూ, ఇక్కడ ఒక్క అమ్మాయే ఉంది" అన్నాడు అధికారి, చాలా మెత్తగా. చూపు లేనివాడికి గదిలో ఎంతమంది ఉన్నారో చెబుతున్నాననుకున్నాడు.

ఇద్దరం బయటికొచ్చాక ఎలీషా నా చెయ్యి వెతికి పట్టుకున్నాడు.

నమోదు 8

భ్రమరాంబ మేడంకి అంతా పలక మీద రాసి చూపించాను. చదివి కళ్ళజోడు తీసేశారు.

"నేనేం చెయ్యనే? నన్ను పొమ్మంటే ఈ వయసులో నాకు ఇంకో స్టేజీ ఎవడిస్తాడు?"

సూరిబాబు డైలాగు కోసం పోట్లాడిన మనిషేనా ఈవిడ? రెండు మాటల కోసం సింహంలా లేచింది, ఒక మనిషి మాటంతా పోతుంటే కళ్ళజోడు తుడుచుకుంటోంది. అదే అన్నాను. తోడు ఏం చెప్పిందో వినదల్చుకోలేదు.

ఆవిడ లేచి నా వెనక్కి వచ్చి, కొక్కెం విప్పి, పట్టీ బల్ల మీద పడేశారు.

"ఇప్పుడను."

అన్నాను. ఆవిడకి ముక్క అర్థం కాలేదు. అయినా తిట్టు అని తెలిసింది. "అదీ! ఆ ఊపిరి ఎక్కణ్ణుంచి వచ్చిందో చూసుకో. ఇన్నాళ్ళూ ఎందుకు దాచావే దాన్ని?" అన్నారు. రోజూ సాధన పేరుతో పట్టీ తీస్తానని మాట ఇచ్చారు. అంతకు మించి ఏదీ ఇవ్వలేదు.

నమోదు 9

మంచు వలలు పిండే రోజు. తెల్లవారే వేళ పొగమంచు వలలకి పడుతుంది, పిండి తాగేనీళ్ళు చేసుకుంటాం. సాధన గంట కాబట్టి నాకు పట్టీ లేదు. వల అటు చివర ఎలీషా, ఇటు చివర నేను, మధ్యలో బిందెతో సూరిబాబు. గాలి హోరున వీస్తోంది.

"ఎలీషా, ముసలి కొంగలాగా ఒంటికాలి మీద నిలబడకు, వల లాగు!" అని అరిచాను.

ఎలీషాకి వినపడలేదు. సూరిబాబు అటు తిరిగి అరిచాడు. "ముసలి కొంగంట నువ్వు! ఒంటికాలి మీద నించోకంట! వల లాగంట!"

ఎలీషా వల వదిలేశాడు. నీళ్ళన్నీ పోయాయి.

"ఏంటన్నావురా?"

"నేననలేదు. వేణి అంది."

"వేణీ, నిజంగా కొంగ అన్నావా?"

"అన్నాను."

"అన్నానంట" అన్నాడు సూరిబాబు.

నేనూ సూరిబాబూ ఒకే గదిలో పాఠాలు విన్నవాళ్ళం, ఒకే మెట్ల మీద పడి లేచినవాళ్ళం. నా మాట వాడికి అర్థమవుతుందని నాకు ఎప్పటినుంచో తెలుసు. దానివల్ల ఉపయోగం ఉందని మాత్రం నాకెప్పుడూ తట్టలేదు. డైలాగు గుర్తుండదని వాణ్ణి చెట్టు చేశారు. ఆ చేసినవాళ్ళని అన్నన్ని మాటలన్నాను కదా, నేను చేసిందేముంది? చెట్టు పక్కన నిలబడి మూడేళ్ళు చేతులు జోడించాను.

"సూరీ, పండగ రోజు స్టేజీ మీదికి వస్తావా? నా మాటలు చెబుతావా?"

వాడు బిందె కింద పెట్టాడు. "చెట్టు వేషమా?"

"కాదు."

"అయితే వస్తా."

నమోదు 11

నాటకం అయింది. వేలు నొప్పెడుతున్నా ఇవాళే రాస్తాను.

ఓడ పెద్ద అంతస్తు నిండా కుర్చీలు. ముందు వరసలో మండలి వాళ్ళు, వాళ్ళ మధ్యలో అధ్యక్షురాలు, చివరి కుర్చీలో కొత్త చొక్కాతో సూరిబాబు. మేం ఏడ్చాం. వెలుగుబొమ్మ సూరిబాబు ఠంచనుగా "అదిగో పడవ!" అంది. వాడి ముఖమే, కాని కళ్ళు చిన్నవి కావు, నాలుక బయటికి రాదు, బుగ్గలు నునుపు. వాణ్ణి కూడా కడిగేశారు. తోడు వచ్చింది. ఎలీషా గిర్రున తిరిగాడు, లేదా వాణ్ణి తిప్పారు. జనం కళ్ళొత్తుకున్నారు. ఇక నేను గలగలా మాట్లాడాలి.

మాట్లాడలేదు. స్టేజీ అంచుకి వెళ్ళి, ప్రేక్షకులకి వీపు పెట్టి కూర్చున్నాను.

సూరిబాబు లేచాడు. మెట్లెక్కి వచ్చాడు. దారిలో వెలుగుబొమ్మ ఎదురైంది. ఆగి దాన్ని ఎగాదిగా చూశాడు.

"ఎవడ్రా నువ్వు?"

జనం గొల్లున నవ్వారు. బొమ్మ ఏమీ చెప్పలేదు, దాని డైలాగు అయిపోయింది. సూరిబాబు దానిలోంచి నడిచి వచ్చి, నా మెడ వెనక కొక్కెం విప్పి, పట్టీని జేబులో పెట్టుకున్నాడు.

నేను జనం వైపు తిరిగి నా గొంతుతో మాట్లాడాను. ముద్దగా, బొంగురుగా, ఊపిరి ఆడినంత మేర. ముందు వరసలో ఒకావిడ చటుక్కున తల దించుకుంది. నేను ఆగాక సూరిబాబు చెప్పాడు.

"వేణి అంటంది. నన్ను గదిలో కూచోబెట్టారంట. ఒప్పుకుంటావా అన్నారంట. వేణి లేదు అంది. పట్టీ ఊ అంది. వేణి ఊ అనలేదు."

అంతకంటే చాలా గొప్పగా చెప్పాను నేను. వాక్యాలు వారం రోజులు చెక్కాను. వాడు చెక్కినదంతా పారేసి లోపలున్నది బయట పెట్టాడు.

పక్కనుంచి ప్రాణేశ్వర్ గారు సైగ చేశారు. పాట మోగింది, చెవులు బద్దలయ్యేలా. నాకు ఏడుపొచ్చింది. సూరిబాబు మాత్రం కంగారు పడలేదు. పాట అయిపోయేదాకా కదలకుండా నిలబడ్డాడు. ఎవరు తొందరపెట్టినా ఆగడం వాడికి వచ్చిన విద్య. పాట రెండోసారి మొదలవబోయింది, అవలేదు. ఎవరో మీట నొక్కి ఆపేశారు. పాటల పెట్టె దగ్గర భ్రమరాంబ మేడం నిలబడి ఉన్నారు. మీట మీంచి చెయ్యి తియ్యలేదు.

ఎలీషా నడుము పట్టీ ఊడబీకి, తడుముకుంటూ వచ్చి మా పక్కన నిలబడ్డాడు. "నేనూ విన్నానండి. గొంతు కింద గొంతు. ఇప్పుడు పైది లేదు. మీరూ వినండి."

అధ్యక్షురాలు లేచింది. "ఇది నాటకంలో భాగమా?"

"కాదు" అన్నాను.

"కాదంటంది" అన్నాడు సూరిబాబు.

"ఆ అమ్మాయినే చెప్పనివ్వండి."

నేనే చెప్పానమ్మా! చెబుతూనే ఉన్నాను, పుట్టినప్పటినుంచి!

ఇది కూడా సూరిబాబు చెప్పాడు. కొంచెం గట్టిగానే చెప్పాడు. ఎవరో చప్పట్లు కొట్టి, పక్కవాడు మోచేత్తో పొడిస్తే ఆపేశారు. సగం కుర్చీలు మెల్లగా ఖాళీ అయ్యాయి. అధ్యక్షురాలు మాత్రం మళ్ళీ కూర్చుంది. "అమ్మా, మళ్ళీ మొదట్నుంచి చెప్పు" అంది, నా వైపు చూసి.

నమోదు 12

ఫలితాలు. ఉత్తర్వు మీద ముద్ర పడలేదు. రద్దు కూడా కాలేదు, పరిశీలనలో ఉంచారు. అంగీకారాలన్నీ పట్టీ లేకుండా మళ్ళీ తీసుకోవాలట. నమోదు స్పష్టంగా ఉండదే అని అధికారి గోలపెడుతున్నాడట. పెట్టనీ.

ప్రాణేశ్వర్ గారికి ఏమీ కాలేదు. విశేషుల్లో ధైర్యం నింపినందుకు ఆయనకి శాలువా కప్పారు. ఫొటో చూశాను. శాలువా బాగుంది.

మేం ముగ్గురం క్రమశిక్షణ తప్పినందుకు బడి వదిలి వెళ్ళాలి. మేడంని ఉండమన్నారు, మందలించి. ఆవిడ మాతో రానన్నారు. "ఇంకా లోపల పద్దెనిమిది మంది ఉన్నారే. వాళ్ళకి ఊపిరి ఎవరు నేర్పుతారు?" అన్నారు. నేను ఏదో విసురుగా అనబోయాను. కాని ఆవిడ సాధన గంటకి లేటవుతోందని అప్పటికే మెట్లు దిగిపోతున్నారు. వెనకనుంచి చూస్తే చాలా ముసలావిడ.

నమోదు 14

రేవులో ఎలీషా పెద్దమ్మకి వలల కొట్టు ఉంది. అందులో ఉంటున్నాం. వలలు కుట్టే పనిలో ఎలీషా చేతికి ఎవరూ చాలరు. సూరిబాబు పడవలకి తాళ్ళు కడతాడు. నేను వంట చేయబోతే ఇద్దరూ దండం పెట్టారు, అందుకని కట్టెలు ఎండబెడతాను. సాయంత్రం సంతలో నాటకం ఆడతాం. ఓడ గురించి మేమే కట్టుకున్నాం. సూరిబాబు ప్రాణేశ్వర్ గారి వేషం వేస్తాడు. శాలువా కప్పుకుని అందరి తలలూ నిమురుతాడు. చివర నేను చచ్చిపోతాను. చేతులు ఎవరూ జోడించరు.

ఈ రోజు నేను చస్తుండగా, ఎండుచేపల గంప ముందు కూర్చున్న మాచరమ్మ అనే పెద్దావిడ గట్టిగా అడిగింది.

"ఆ పిల్ల ఏడుత్తందా, నవ్వుతందా? ఏంటో తెలవట్లేదు."

చావు ఆపేసి లేచి కూర్చున్నాను. "నీ చేపల కంపుకి ఏడుస్తున్నాను. చెప్పరా సూరీ."

"సెప్పను" అన్నాడు సూరిబాబు.

"ఏం?"

"ఆవిడ నాకు పొద్దున్న రొయ్యల వేపుడెట్టింది."

"నా మాట చెప్పడం నీ పని!"

"నాకు నచ్చలా. నువ్వే సెప్పుకో."

జనం ఎదురుగా మేం ఇద్దరం పోట్లాడుకున్నాం. నా మాటలు వాళ్ళకి అర్థం కాకపోయినా సంగతి అర్థమైంది, పగలబడి నవ్వుతున్నారు. వాడు శాలువా మడిచి కూర్చున్నాడు. వాణ్ణి కదిలించడం ఎవరి తరం కాదు. సరే అని నేనే డేక్కుంటూ మాచరమ్మ గంప ముందుకి వెళ్ళాను. చెప్పాను.

"ఏంటీ?" అంది.

మళ్ళీ చెప్పాను. ఆవిడ గంప పక్కకి జరిపి, చెంగుతో చెవి తుడుచుకుని ముందుకి వంగింది. "తొందరేంలేదు, మెల్లిగా సెప్పు."

మూడోసారి చెప్పాను. ఒక్కో మాట ఊపిరి పట్టి.

"కంపా?" ఆవిడ ముఖం ఎర్రబడింది. "నా సేపలు కంపా? కంపైతే ముక్కు మూసుకోవే. నీ నాటకం కంటే నా సేపే నయం. అది గట్టున పడ్డాక ఓపాలి కొట్టుకుని సత్తాది. నువ్వు సూడు, పొద్దు గుంకేదాకా సత్తానే ఉన్నావు! సచ్చేదానివి సావక, మజ్జలో రెండుసార్లు లేత్తావేంటి? మాకు ఇళ్ళూ వాకిళ్ళూ లేవా?"

సంతంతా ఘొల్లుమంది. నా చెవులు మండిపోయాయి. చిన్నప్పటినుంచి నన్ను చూసి జాలిపడ్డారు, మెచ్చుకున్నారు, తల నిమిరారు, కళ్ళు తుడుచుకున్నారు. ఎదురుగా కూర్చోబెట్టుకుని నా మాట మూడుసార్లు విని, దానికి తగ్గట్టు తిట్టినవాళ్ళు ఒక్కరూ లేరు.

పైగా ఆవిడన్నది నిజం. ఆ చావు చాలా పొడుగైంది. రేపు దాన్ని సగానికి కోస్తాను.